సగువారో పనులన్నీ రాత్రిపూటే

ఎడారి అని చెప్పాలంటే కార్టూన్ బొమ్మలు వేసేవారికి ఒకటే గుర్తు. నిలువుగా ఒక ఆకుపచ్చ స్తంభం, దానికి రెండు పక్కలా మోచేతి దగ్గర వంగి పైకి లేచిన చేతులు. ఆ బొమ్మ సహారా మీద కనిపిస్తుంది, థార్ మీద కనిపిస్తుంది, టెక్సాస్ కథల్లోనైతే అడుగడుగునా కనిపిస్తుంది. ఆ బొమ్మకు మూలమైన మొక్క మాత్రం ఈ మూడు చోట్లా సహజంగా పెరగదు. సగువారో అనే ఆ కాక్టస్‌కు సోనోరా ఎడారి ఒక్కటే ఇల్లు. అమెరికాలో అరిజోనా రాష్ట్రపు దక్షిణ, పశ్చిమ భాగాలు, మెక్సికోలో సోనోరా రాష్ట్రం, కొలరాడో నది దాటి కాలిఫోర్నియా వైపు కొద్దిపాటి మొక్కలు. ఇంతకు మించి ప్రపంచంలో ఇంకెక్కడా దీనికి అడవి లేదు.

ఎడారులు చాలా ఉండగా ఇది అక్కడే ఎందుకు ఆగిపోయింది? ఆకులు లేకుండా ఆహారం ఎలా చేసుకుంటుంది? రెండు టన్నుల బరువుతో, నేలలోకి లోతుగా దిగని వేళ్లతో ఎలా నిలబడుతుంది? వీటికి జవాబులు వెతికేవారు సాధారణంగా ఎండ గురించి, నీటి గురించి మాట్లాడతారు. అది సగం కథే. మిగతా సగం సూర్యాస్తమయం తరువాత మొదలవుతుంది. సగువారో గాలి పీల్చేది రాత్రి, పువ్వు విప్పేది రాత్రి, దాని సరిహద్దులు గీసేది చలికాలపు రాత్రి, ఇప్పుడు దానికి ముప్పు తెస్తున్నదీ రాత్రే.

జెముడు చెట్లు చూసి పెరిగినవారికి ముందుగా ఒక మాట

తెలుగునాట కొండగుట్టల మీద, చేల గట్ల మీద కనిపించే బొమ్మజెముడును, కాడజెముడును చూసి అవీ కాక్టస్‌లే అనుకోవడం సహజం. కావు. అవి యుఫోర్బియా జాతి మొక్కలు. గిల్లితే పాలు కారతాయి. కాక్టస్‌ల పుట్టిల్లు అమెరికా ఖండాలు. మన దగ్గర ఊరి చివర పొదలుగా పెరిగిన నాగజెముడు మాత్రం నిజమైన కాక్టసే, సముద్రం దాటి వచ్చింది. కరువు నేలల్లో బతకాల్సి వచ్చిన రెండు వేరువేరు వంశాలు ఒకే రూపానికి చేరుకోవడం పరిణామక్రమంలో తరచూ జరిగేదే.

తేడా పట్టుకోవడానికి తేలికైన గుర్తు ముళ్ల మొదట్లో ఉంటుంది. కాక్టస్‌లో ముళ్లు కాండం మీద నేరుగా మొలవవు. నూగుతో కప్పిన చిన్న బుడిపె ఒకటి ఉంటుంది. దాన్ని ఏరియోల్ అంటారు. ముళ్ల గుత్తి దానిలోంచే వస్తుంది, కొన్ని కాక్టస్‌లలో పువ్వూ, కొమ్మా కూడా దాని దగ్గరే పుడతాయి. నిజానికి ఏరియోల్ అంటే పెరగకుండా కుదించుకుపోయిన ఒక కొమ్మ, ముల్లు అంటే రూపం మారిన ఆకు. సగువారో మీద వరుసగా కనిపించే వేల ముళ్ల గుత్తులను వేల పొట్టి కొమ్మలుగా చూడగలిగితే ఈ మొక్క నిర్మాణం సగం అర్థమైనట్టే.

వృక్షశాస్త్రంలో దీని పేరు కార్నేజియా జైగాంటియా. 1848లో జార్జ్ ఎంగెల్‌మన్ దీన్ని సీరియస్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి జాతుల గుంపులో, చేర్చి వర్ణించాడు. 1908లో బ్రిటన్, రోజ్ అనే శాస్త్రవేత్తలు దీనికంటూ వేరే ప్రజాతి ఏర్పరచి ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ పేరు పెట్టారు. అరిజోనాలోని టూసాన్ నగరం పక్కన టుమమాక్ గుట్ట మీద 1903లో మొదలైన ఎడారి పరిశోధనశాలకు డబ్బిచ్చింది ఆయన స్థాపించిన సంస్థే మరి. ఆ ప్రజాతిలో ఇప్పటికీ ఉన్నది ఈ ఒక్క జాతే.

అతిపెద్ద కాక్టస్ అనే బిరుదు మాత్రం దీనికి ఇవ్వలేం. మెక్సికోలోని బాహా కాలిఫోర్నియాలో పెరిగే కార్డోన్ అనే కాక్టస్ దీనికంటే బరువైనది, లావైనది. సగువారో మామూలుగా 40 అడుగుల దాకా పెరుగుతుంది. అరిజోనాలోని కేవ్ క్రీక్ దగ్గర 78 అడుగుల సగువారో ఒకటి, ఒక్క చేయి కూడా లేనిది, 1986లో గాలివానకు కూలిపోయింది. అలాంటివి అరుదు.

నీటిని మోసే నిర్మాణం

సగువారో కాండాన్ని అడ్డంగా కోస్తే మధ్యలో మెత్తని దవ్వ, దాని చుట్టూ వలయంగా కర్ర బద్దలు, వాటి బయట మందపాటి నీటి కండ, అన్నిటికన్నా పైన మైనం పూసినట్టుండే తోలు కనిపిస్తాయి. బద్దలు పిల్ల మొక్కలో విడివిడిగా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ కింది భాగంలో ఒకదానితో ఒకటి అతుక్కుని గట్టి గొట్టంలా మారతాయి. మొక్క చచ్చి కండ కుళ్లిపోయాక ఎడారిలో ఏళ్ల తరబడి నిలిచి ఉండేవి ఈ బద్దలే. అక్కడి ఆదివాసులైన తొహోనో ఓధమ్ ప్రజలు వాటిని ఇళ్ల కప్పులకు, కంచెలకు వాడుకున్నారు. సగువారో పండ్లు కోసే పొడవాటి గెడ కూడా సగువారో బద్దతో చేసిందే.

బయటి ముడతల విషయానికొస్తే, అవి హార్మోనియం తిత్తిలా పనిచేస్తాయి. వాన పడి వేళ్లు నీరు లాగినప్పుడు ముడతలు విచ్చుకుని కాండం లావెక్కుతుంది, కరువులో ముడుచుకుంటుంది. తోలు చిరగదు, సాగిపోదు. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ముడతలు తక్కువ, చుట్టుకొలత పెరిగేకొద్దీ మధ్యలో కొత్తవి పుడతాయి. ఇంకో లాభం, ఒక ముడత నీడ పక్క ముడత మీద పడుతుంది. మధ్యాహ్నపు ఎండ ఒకేసారి కాండమంతా కాల్చలేదు.

నీరు నిండిన సగువారో బరువులో 80 నుంచి 90 శాతం నీరే. దాహం వేసినప్పుడు కాక్టస్ కోసుకుని తాగవచ్చనే సాహస కథలను మాత్రం నమ్మకండి. ఆ నీరు ఆమ్లాలతో, ఆల్కలాయిడ్లతో జిగురుగా ఉంటుంది. తాగినవాడికి వాంతులై ఒంట్లో ఉన్న నీరు కూడా పోతుంది.

వేళ్లు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మధ్యలో ఒక తల్లివేరు రెండు మూడు అడుగులు దిగుతుంది. మిగతావన్నీ నేలకు జానెడు లోతు కూడా దాటకుండా, మొక్క ఎంత ఎత్తు ఉంటే దాదాపు అంత దూరం చుట్టూ పరుచుకుంటాయి. సోనోరాలో వాన ఉరుముతో వచ్చి అరగంటలో పోతుంది. నేల లోతుకు తడి చేరే అవకాశం తక్కువ. పైపైన తడిసిన మట్టిలోంచి పొరుగు మొక్కల కంటే ముందు లాక్కోవాలి. అందుకోసం కట్టే మూల్యం స్థిరత్వం. నానిన నేల, బలమైన గాలి ఒకేసారి వచ్చినప్పుడు పెద్ద సగువారోలు వేళ్లతో సహా పడిపోతుంటాయి.

ఇక్కడిదాకా చెప్పింది ఎడారి మొక్కల పుస్తకం ఏది తెరిచినా దొరుకుతుంది. అసలు చిక్కుముడి తరువాతది.

పొద్దున పులుపు, సాయంత్రం చేదు

ఏ పచ్చని మొక్కకైనా ఆహారం తయారు చేసుకోవడానికి వెలుతురు కావాలి, బొగ్గుపులుసు వాయువు కావాలి. వెలుతురు పగలే ఉంటుంది కాబట్టి మామూలు మొక్కలు పత్రరంధ్రాలను పగలు తెరుస్తాయి. తెరిచిన రంధ్రంలోంచి గాలి లోపలికి వస్తుంది, నీటి ఆవిరి బయటికి పోతుంది. ఒకటి కావాలంటే రెండోది వదులుకోక తప్పదు. వరి, వేరుశనగ ఈ బేరానికి ఒప్పుకుని బతుకుతాయి. 45 డిగ్రీల ఎండలో, ఏడాదికి కొన్ని అంగుళాల వానతో ఆ బేరం కుదరదు.

సగువారో వెలుతురును, గాలిని వేరువేరు వేళల్లో తీసుకుంటుంది. దాని రంధ్రాలు ఆకుల మీద కాదు, కాండం తోలు మీదే ఉంటాయి. పొద్దు గుంకి గాలి చల్లబడ్డాక అవి తెరుచుకుంటాయి. చల్లని గాలికి నీటిని పీల్చే శక్తి తక్కువ కాబట్టి ఆవిరి నష్టం బాగా తగ్గుతుంది. లోపలికి వచ్చిన బొగ్గుపులుసు వాయువును మొక్క అప్పటికప్పుడు వాడుకోలేదు, వెలుతురు లేదు కదా. దాన్ని మాలిక్ ఆమ్లంగా మార్చి కణాల్లోని రిక్తికల్లో, అంటే రసం నిండే సంచుల్లో, దాచిపెడుతుంది. తెల్లవారేసరికి కండ అంతా పుల్లబడి ఉంటుంది. ఎండ రాగానే రంధ్రాలు మూసుకుంటాయి. ఆమ్లం విడిపోయి, దాచిన వాయువు మూసిన తలుపుల వెనక విడుదలవుతుంది. దానితో, వెలుతురుతో పగలంతా చక్కెర తయారవుతుంది. సాయంత్రానికి పులుపు ఖర్చయిపోతుంది. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ.

క్రాసులేసీ అనేది రణపాల కుటుంబం పేరు. ఆ పేరు రావడం వెనక మన ప్రాంతంతో సంబంధమున్న మనిషి ఒకడు ఉన్నాడు. వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కలకత్తాకు వెళ్లిపోయాక సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోట బాధ్యతలు చూసిన బెంజమిన్ హైన్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఇండియాలో పెరిగే రణపాల ఆకును వేళ మార్చి వేళ నమిలి చూశాడు. పొద్దున పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి చప్పబడుతోంది, సాయంత్రానికి కాస్త చేదెక్కుతోంది. ఆయన ఈ సంగతి రాసి పంపిన లేఖ 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ సంపుటిలో అచ్చయింది. దాని వెనకున్న రసాయనం పూర్తిగా విడిపోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది. నాలుకతో చేసిన పరిశీలన మీద ఇంత శాస్త్రం నిలబడటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. పెరట్లో రణపాల ఉన్నవారు తెల్లవారుజామున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క నోట్లో వేసుకుని తేడా చూడవచ్చు. సగువారో లోపల జరిగేదీ అదే.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. ఒక రాత్రిలో దాచగలిగిన ఆమ్లం ఎంతో, మరునాడు తయారయ్యే చక్కెర అంతే. రిక్తికలు నిండాక ఇక చోటు ఉండదు. మరునాడు ఎంత ఎండ కాసినా పెరుగుదలకు హద్దు రాత్రే నిర్ణయించేసింది. అందుకే సగువారో పెరిగే వేగం చూస్తే నవ్వొస్తుంది. విత్తనం మొలిచిన ఎనిమిదేళ్లకు అది అంగుళం, అంగుళంన్నర ఎత్తుంటుంది. మొదటి పువ్వు దాదాపు 35 ఏళ్లకు. మొదటి చేయి 50 నుంచి 70 ఏళ్ల మధ్య, పొడి ప్రాంతాల్లో ఇంకా ఆలస్యంగా, కొన్నిటికి అసలు రాదు. 125 ఏళ్లకు పెద్దదైనట్టు లెక్క. 150, 175 ఏళ్లు బతకడం మామూలే, 200 దాటేవీ ఉంటాయంటారు.

మామూలు చెట్లలో ఏటా ఏర్పడే వలయాలు దీనికి లేవు కాబట్టి వయసు తెలుసుకోవడానికి మాను నరికి లెక్కపెట్టే పద్ధతి దీనికి పనికిరాదు. ఎత్తును బట్టి, ఆ చోటి వానలను బట్టి అంచనా కడతారు. ఈ మధ్య ముళ్లు అక్కరకొచ్చాయి. ముళ్ల గుత్తి ఒకసారి ఏర్పడ్డాక మళ్లీ మారదు, మొక్క పైకి పెరిగేకొద్దీ పాతవి కిందికి మిగిలిపోతాయి. 1950లు, 60ల్లో అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన రేడియో కార్బన్ ఆనవాలు ఆ కాలపు ముళ్లలో దొరుకుతుంది. ఆ ముల్లు ఎంత ఎత్తున ఉందో చూసి మొక్క ఏడాదికి ఎంత పెరిగిందో లెక్కకట్టవచ్చు.

ఒక రాత్రి పువ్వు

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారాల దాకా సగువారో తల మీద, చేతుల కొసల మీద పువ్వులు వస్తాయి. తెల్లనివి, మందమైన రేకులవి, మూడు అంగుళాల వెడల్పువి. లోపల వేల సంఖ్యలో కేసరాలు, అడుగున తేనె గది. చీకటి పడ్డాక విచ్చుకుని మరునాటి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఒక పువ్వుకు ఉన్న ఆయువు అంతే. అన్నీ ఒకేరోజు విరియకుండా రోజుకు కొన్ని చొప్పున వారాల తరబడి వస్తాయి. తెలంగాణలో, ఆంధ్రలో డ్రాగన్ ఫ్రూట్ వేసిన రైతులకు ఈ తీరు బాగా తెలుసు. అదీ కాక్టసే, దాని పువ్వూ రాత్రే విప్పారి ఎండెక్కేసరికి వాడుతుంది. కొన్ని రకాలకు చేత్తో పుప్పొడి అద్దాల్సి వస్తుంది.

తెలుపు రంగు, ఘాటైన వాసన, దండిగా తేనె, బరువును ఓర్చుకునే మందమైన రేకులు. ఇవన్నీ గబ్బిలం కోసం తయారైన పువ్వు లక్షణాలు. చిన్న పొడుగుముక్కు గబ్బిలం అనే జాతి వసంతంలో మెక్సికో నుంచి ఉత్తరానికి, నిలువు కాక్టస్‌ల పూతను అనుసరిస్తూ వలస వస్తుంది. ముఖం పువ్వులో ముంచి నాలుకతో తేనె లాగి, తలనిండా పుప్పొడి పూసుకుని ఇంకో మొక్కకు వెళ్తుంది. ఈ ప్రయాణం సగువారోకు తప్పనిసరి, ఎందుకంటే తన పుప్పొడి తనకు పనికిరాదు. వేరే మొక్క నుంచి వస్తేనే కాయ కడుతుంది.

అయితే గబ్బిలం లేకపోతే సగువారో లేదని రాసేవారు కొంచెం తొందరపడుతున్నారు. 1950ల చివర, 60ల మొదట్లో అరిజోనాలో మొక్కలను వలల్లో పెట్టి, ఏ ప్రాణిని లోపలికి వదిలితే కాయ కడుతుందో చూశారు. గబ్బిలాలు, తెల్లరెక్కల గువ్వలు, తేనెటీగలు మూడూ పనికొచ్చాయి. మెక్సికో వైపు దక్షిణాన గబ్బిలం వాటా ఎక్కువ. ఉత్తరాన అరిజోనాలో తెల్లవారాక వచ్చే గువ్వలు, తేనెటీగలే ఎక్కువ పని చేస్తాయి. పువ్వు మధ్యాహ్నం దాకా తెరిచి ఉండటంలోని అర్థం ఇదేనేమో. ఎన్ని గబ్బిలాలు ఏ ఏడు ఉత్తరపు కొస దాకా వస్తాయో నమ్మకం లేనప్పుడు పగటి అతిథులకూ తలుపు తెరిచి ఉంచడం మేలు. ఆ గబ్బిలాన్ని 1988లో అమెరికా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. అప్పట్లో తెలిసిన సంఖ్య వెయ్యి లోపు. గుహల రక్షణ, మెక్సికోలో కిత్తనార మొక్కల పెంపకంలో మార్పులు వంటి వాటి తోడ్పాటుతో రెండు లక్షల దాకా పెరగడంతో 2018లో జాబితా నుంచి తీసేశారు. కోలుకుని ఆ జాబితా నుంచి బయటపడ్డ మొదటి గబ్బిలం అదే.

జూన్‌లో కాయలు పండి పగులుతాయి. లోపలి ఎర్రని గుజ్జు దూరానికి పువ్వులా కనిపిస్తుంది. ఎడారి ఎండిపోయి తినడానికి ఏమీ దొరకని కాలమది. పక్షులు, నక్కలు, చీమలు, మనుషులు అందరూ దీని మీదే ఆధారపడతారు. తొహోనో ఓధమ్ ప్రజలకు ఈ కోత కాలంతోనే కొత్త ఏడు మొదలవుతుంది. గుజ్జు కాచి పానకం చేస్తారు, దాన్ని పులియబెట్టి వాన కోసం జరిపే వేడుకలో తాగుతారు. వాళ్ల దృష్టిలో సగువారో మొక్క కాదు, మనిషి.

నాలుగు కోట్ల విత్తనాలు, నాలుగైదు మొక్కలు

ఒక్కో పండులో రెండు వేల దాకా నల్లని చిన్న విత్తనాలు ఉంటాయి. ఒక మొక్క జీవితకాలంలో చేసే విత్తనాలు నాలుగు కోట్లని అమెరికా జాతీయ పార్కుల సంస్థ అంచనా. వాటిలో పెద్ద చెట్టయ్యేవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. విత్తనం మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోయే రకం కాదు. జూలైలో వచ్చే రుతుపవనపు వానకు మొలవాలి, లేదా పోవాలి.

మొలిచినా బయలు నేలలో బతకదు. పాలో వెర్డే, ఐరన్‌వుడ్, మెస్కీట్ చెట్ల కింద పడ్డ విత్తనానికే అవకాశం. మెస్కీట్ మనకు పరాయిది కాదు, మన బీళ్లను ఆక్రమించిన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం. ఇలాంటి చెట్లను అక్కడ దాది చెట్లు అంటారు. నీడ ఇవ్వడం, పశువుల కాళ్ల కింద పడకుండా కాపాడటం, ఎలుకల కంట పడకుండా దాచడం వాటి పనులని అందరూ చెబుతారు. చలికాలంలో చేసే మేలు గురించి తక్కువగా మాట్లాడతారు. మబ్బులేని ఎడారి రాత్రిలో నేల తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కొమ్మల కప్పు ఆ వేడిని కొంత ఆపుతుంది. అంగుళమంత ఉన్న మొక్కకు ఆ ఒకటి రెండు డిగ్రీల తేడా చావుబతుకుల సమస్య.

దాది రుణం తీరే తీరు మాత్రం బాగుండదు. సగువారో పెద్దదయ్యేసరికి దాని పైపై వేళ్లు వాననీటిని ముందుగా లాగేస్తాయి. పెంచిన పాలో వెర్డే ఎండిపోవడం తరచూ చూస్తారు.

సరిహద్దు గీసిన చలి

మొదట వేసిన ప్రశ్నకు, అంటే సోనోరాలోనే ఎందుకు అన్నదానికి, ఇప్పుడు రావచ్చు. దక్షిణ అరిజోనాలో ఏడాదికి రెండు వానకాలాలు. వేసవిలో ఉరుముల వాన, చలికాలంలో పసిఫిక్ వైపు నుంచి వచ్చే నెమ్మది వాన. వేసవి వాన లేకపోతే విత్తనం మొలవదు. అందుకే పడమరన, చలికాలపు వానల మీదే బతికే మొహావీ ఎడారిలోకి ఇది వెళ్లలేదు. ఉత్తరానికి, ఎత్తుకు పోతే అడ్డుపడేది గడ్డకట్టే చలి. కండలో ఉన్న నీరు గడ్డకడితే కణాలు చిట్లుతాయి. కొన్ని గంటల మంచును పెద్ద మొక్క తట్టుకుంటుంది, తన పరిమాణమే దానికి రక్ష. లావుపాటి కాండంలోని నీరు పగటి వేడిని నెమ్మదిగా వదులుతుంది. తల మీద దట్టంగా ఉన్న ముళ్లూ, నూగూ పెరిగే కొసను కాపాడతాయి. మరునాడు ఎండ వచ్చి మంచు కరిగితే గండం గడిచినట్టే. రోజంతా సున్నా డిగ్రీల కిందే ఉండి మళ్లీ రాత్రి వస్తే కష్టం. చేతులు వేలాడి, మెలికలు తిరిగి, కిందికి వంగి మళ్లీ పైకి లేచిన సగువారోలను యాత్రికులు ముచ్చటపడి ఫోటోలు తీసుకుంటారు. అవి చాలావరకు పాత చలిదెబ్బలు.

ఈ విషయం ఇంత సూటిగా చెప్పగలగడానికి చాలా ఏళ్లు పట్టింది. టూసాన్‌కు తూర్పున రింకన్ కొండల పాదాల దగ్గర ఉన్న గొప్ప సగువారో అడవిని 1933లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. 1937 జనవరిలో తీవ్రమైన చలి వచ్చి వెళ్లింది. అప్పుడు ఎవరికీ పెద్దగా ఏమీ కనిపించలేదు. రెండు మూడేళ్ల తరువాత పెద్ద మొక్కలు నల్లబడి, కుళ్లి, రసం కారుతూ కూలసాగాయి. కుళ్లిన కండలో ఎర్వినియా అనే బ్యాక్టీరియా దొరికింది. అంటువ్యాధి అని తేల్చారు. 1941లో ఒక పెద్ద విస్తీర్ణంలోని రోగిష్టి మొక్కలను వందల సంఖ్యలో నరికి గోతుల్లో పూడ్చిపెట్టారు. చావులు ఆగలేదు. ఈ అడవి కొన్ని దశాబ్దాల్లో మాయమవుతుందని అంచనాలు వేశారు.

వారెన్ స్టీన్‌బర్గ్, చార్లెస్ లో అనే ఇద్దరు పరిశోధకులు 1960లు, 70ల్లో ఓపికగా మొక్కలను లెక్కించి, ప్రతి చలిదెబ్బ తరువాత ఏది ఎప్పుడు చచ్చిందో నమోదు చేసి అసలు సంగతి తేల్చారు. చంపింది చలి. బ్యాక్టీరియా చచ్చిన కండను తినడానికి వచ్చింది, ఎడారి శుభ్రతలో అది రోజూ చేసే పని అదే. దెబ్బ తగిలిన రోజుకూ, మొక్క కూలిన రోజుకూ మధ్య ఏళ్ల దూరం ఉండటంతో ఎవరూ రెండింటినీ కలిపి చూడలేకపోయారు. పిల్ల మొక్కలు లేకపోవడానికి ఇంకో కారణం దొరికింది. సున్నం బట్టీలకు, వంటచెరకుకు దాది చెట్లను నరికేశారు, మిగిలిన చోట పశువులు మేశాయి. నరకడం, మేత ఆగాక పిల్లలు తిరిగి మొలవడం మొదలైంది. 1994లో ఆ స్మారకం సగువారో జాతీయ పార్కు అయింది.

కుళ్లును ఆపగల శక్తి ఈ మొక్కకు లేదనుకోకండి. గిలా వడ్రంగిపిట్ట గూడు కోసం కాండాన్ని తొలిచినప్పుడు సగువారో ఆ గాయం చుట్టూ బెరడులాంటి గట్టి గోడ కట్టేస్తుంది. పిట్ట వదిలేసిన గదిలోకి గుడ్లగూబల్లోకెల్లా చిన్నదైన ఎల్ఫ్ గుడ్లగూబ చేరుతుంది. మొక్క కుళ్లి పోయాక కూడా ఆ గోడ బూటు ఆకారంలో నేల మీద దొరుకుతుంది. గాయం చిన్నదైతే, తగినంత సమయం ఉంటే మూసేయగలదు. గడ్డకట్టిన కండంతటికీ గోడ కట్టడం దాని వల్ల కాదు.

వేడి రాత్రులు

చలి ముప్పు తగ్గితే సగువారోకు మేలే కదా అనిపిస్తుంది. కొంతవరకు నిజం. శీతాకాలాలు మెత్తబడటం దీనికి కలిసొచ్చేదే. కానీ వేడి ఇంకో వైపు నుంచి వచ్చింది.

2023 జూలైలో అరిజోనాలోని ఫీనిక్స్ నగరంలో వరుసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది. 43 అంటే రామగుండం వారికో రెంటచింతల వారికో కొత్త కాదు, నెల రోజులు విరామం లేకుండా అంటే ఎక్కడైనా కొత్తే. ఆ వేసవిలో నగరంలోని సగువారోల చేతులు ఊడిపడ్డాయి, కొన్ని నిలువునా కూలిపోయాయి. వార్తలన్నీ పగటి అంకెల చుట్టూ తిరిగాయి. కాక్టస్ కండ పగటి వేడికి మెల్లగా అలవాటు పడుతుంది, 50 డిగ్రీలు దాటినా కణాలు చావవు. ఆ నెలలో నాకు అసలైన అంకెగా కనిపించింది వేరొకటి. వరుసగా 16 రాత్రులు కనిష్ఠ ఉష్ణోగ్రత 32 డిగ్రీల కిందికి దిగలేదు.

ఈ వ్యాసం మధ్యలో చెప్పిన పులుపు లెక్కను ఇక్కడ పెట్టి చూడండి. సగువారో రంధ్రాలు తెరవడానికి చల్లని రాత్రి కావాలి. 15, 20 డిగ్రీల రాత్రుల్లో అది బాగా గాలి పీలుస్తుంది. 32 డిగ్రీల పొడి రాత్రిలో తెరిస్తే దాచుకున్న నీరు ఆవిరైపోతుంది, మూసుకుంటే ఆకలి. మూసుకుని కూర్చున్నా శ్వాసక్రియ ఆగదు, పైగా వేడికి అది ఇంకా పెరుగుతుంది. అంటే ఆదాయం లేని రాత్రుల్లో ఖర్చు రెట్టింపు. నిల్వ చక్కెరలు కరుగుతాయి, కండ బలహీనపడుతుంది, అప్పుడు అదే పాత బ్యాక్టీరియా వచ్చి చేరుతుంది. 2020లో వేసవి వానలు దాదాపు ముఖం చాటేశాయి, వేడి అప్పటికి రికార్డు. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 2023 వచ్చింది.

నగరం ఈ కష్టాన్ని ఇంకా పెంచుతుంది. తారు రోడ్లు, కాంక్రీటు గోడలు పగలు మింగిన వేడిని రాత్రంతా వదులుతాయి. ఊరి బయట ఎడారిలో రాత్రి ఇంకా కొన్ని డిగ్రీలు చల్లబడుతుంది కాబట్టి అక్కడి మొక్కలు కొంత నయం. ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగువారిలో చాలామంది ఇళ్ల ముందు ఈ మొక్క ఉంటుంది. వారు గమనించాల్సింది, దాన్ని గోడకు దగ్గరగా, గులకరాళ్ల మధ్య నాటి ఉంటే అది రాత్రిళ్లు ఊపిరాడని చోట నిలబడినట్టే. తొలగించాలన్నా, వేరే చోటికి మార్చాలన్నా, సొంత స్థలంలోనైనా సరే, రాష్ట్ర చట్టం ఏం చెబుతుందో ముందు కనుక్కోవాలి.

అడవిలో వేరే ముప్పు ఉంది. పశువుల మేతకని తెచ్చిన బఫెల్ గడ్డి దాది చెట్ల మధ్య ఖాళీలను నింపేస్తోంది. మన దేశపు పొడి నేలల్లో అంజన్ గడ్డిగా పశువుల కడుపు నింపేది ఇదే. సోనోరాలో మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ నేల ఉండటం వల్ల మంట పాకేది కాదు. ఇప్పుడు గడ్డి ఎండి వంతెన వేస్తోంది. నిప్పుతో కలిసి పరిణామం చెందని సగువారోకు దాన్ని తట్టుకునే ఏర్పాటు ఏదీ లేదు.

ఎన్ని మొక్కలు పోయాయని అడిగేవారికి తొందరపడి అంకె చెప్పడం మంచిది కాదు. 1937 చలిలో దెబ్బతిన్న మొక్కలు కూలడం 1939, 40ల్లో గానీ కనబడలేదు. నీటిని, చక్కెరను ఏళ్లకు సరిపడా దాచుకునే మొక్క చావడానికి కూడా ఏళ్లు తీసుకుంటుంది. 2023లో చేతులు రాల్చినవి ఆ వేసవి మృతుల్లో తొందరగా బయటపడ్డవి మాత్రమే కావచ్చు. పచ్చగానే నిలబడి ఉన్నవాటిలో దెబ్బ తిన్నవి ఎన్నో ఈ దశాబ్దం చివరి లెక్కల్లో తెలుస్తుంది. అప్పుడు కూలినవాటి కండలోనూ బ్యాక్టీరియానే దొరుకుతుంది.